పొలంలో ఎలుకలు, పాప నోటుబుక్కులో బాణాలు: ఈ 10 శాతం లెక్క ఎవరైనా చెప్పండి

కాశీనగర్_కాపురం
రెండు గొడవలు ఒకేసారి వచ్చిపడ్డాయి, అందుకే కలిపి రాసేస్తున్నా. మాది గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర, వంశధార ఒడ్డున రెండెకరాల వరి. పైరు పొట్ట మీదుంది. ఈ ఏడాది ఎలుకలు ఎప్పుడూ లేనంతగా పడ్డాయి. పొద్దున్నే వెళ్ళి చూస్తే గట్టు పక్కన పైరు బాగానే ఉంటుంది, మడి మధ్యలో మాత్రం కంచం బోర్లించినంత మేర పిలకలు కొరికి పడేసి ఉంటాయి. పోయిన వేసవిలో గట్ల మీద తుప్పలన్నీ జేసీబీతో తీయించాం. అప్పుడు బయటపడ్డ జెర్రిపోతుల్ని కుర్రాళ్ళు కర్రలతో కొట్టేశారు, ఏడో ఎనిమిదో. నేనూ అక్కడే ఉన్నాను, ఆపలేదు. ఇప్పుడు మా నాన్న రోజూ దెప్పుతున్నాడు, పాముల్ని చంపి ఎలుకలకి పెళ్ళిళ్ళు చేశార్రా అని.

రెండోది మా పాప. ఏడో క్లాసు, ఒడియా మీడియం. ఖాద్య శృంఖళ, అంటే ఎవరు ఎవర్ని తింటారో చూపే ఆహార గొలుసు, బొమ్మ గీయమంటే పాము నుంచి కప్పకి, కప్ప నుంచి మిడతకి, మిడత నుంచి గడ్డికి బాణాలు పెట్టింది. టీచరు మొత్తం కొట్టేశారు. పాప వాదన ఏంటంటే, పామే కదా కప్ప దగ్గరికి వెళ్ళేది, కప్ప పాము దగ్గరికి వెళ్ళదు కదా అని. నాకు జవాబు తోచలేదు. పైగా ఒక మెట్టు నుంచి పై మెట్టుకి 10 శాతం శక్తే వెళ్తుందట, మిగతా 90 ఏమైంది నాన్నా అంది. మధ్యలో ఎవరో తినేస్తుంటారులే అన్నాను. నవ్వింది.

బరంపురం_బావ
మధ్యలో 90 శాతం ఎవరు తింటారో రోడ్డు కాంట్రాక్టు చేసిన ఎవర్ని అడిగినా చెప్తారు. పాపకి అది చెప్పకండి, సిలబస్‌లో లేదు.

అర్ధరాత్రి_ఆటో
ఎలుకల పెళ్ళికి భోజనాలు మీ మడిలోనే అన్నమాట.

జీవశాస్త్రం_టీచరమ్మ
నేను రాయగడలో తొమ్మిది, పది క్లాసులకి చెప్తాను. బాణం తప్పు మా క్లాసులో ఏటా సగం మంది చేస్తారు, మీ పాప ఒక్కతే కాదు. బాణం అంటే ఎవరు ఎవర్ని వెంటాడారని కాదు, తిండి ఎటు వెళ్ళిందని. మిడత కప్ప కడుపులోకి వెళ్ళింది కాబట్టి బాణం మిడత నుంచి కప్ప వైపు. నేను పిల్లలకి ఏం చెప్తానంటే, బాణం మొన ఎప్పుడూ నోటి వైపే ఉండాలి. ఇక తప్పరు.

ఆ 90 శాతం సంగతి సాయంత్రం రాస్తాను, ఇప్పుడు పీరియడ్ ఉంది.

గట్టుమీద_గుణుపూర్
మీ నాన్నగారు చెప్పింది నిజమే. మా చిన్నప్పుడు జెర్రిపోతు కనబడితే పోనిచ్చేవాళ్ళం. దాన్ని కొట్టేవాళ్ళు కాదు. ఇప్పుడు పాము అంటే చాలు, అది ఏ పామో చూసేదాకా కూడా ఆగడం లేదు, కర్ర లేస్తోంది. ఒక జెర్రిపోతు గట్టులో ఉంటే ఆ గట్టున ఎలుక కాపురం పెట్టదు.

జెయపూర్_జానకి
ఇలాంటివి రాయడం తేలిక. మా బాబాయి పోయిన వానాకాలం కట్లపాము కరిచి చనిపోయాడు. నేల మీద పడుకున్నాడు, రాత్రి ఎప్పుడు కరిచిందో కూడా తెలియలేదు, చీమ కుట్టినట్టు ఉందన్నాడు, తెల్లారేసరికి కనురెప్పలు ఎత్తలేకపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపు అయిపోయింది. పాముల్ని పోనివ్వండి అని నాకు ఎవరూ చెప్పకండి.

కాశీనగర్_కాపురం
అయ్యో జానకిగారూ. నేను పాముల్ని పెంచుకుందాం అని రాయలేదండి. క్షమించండి.

గట్టుమీద_గుణుపూర్
అమ్మా, నేను కట్లపాము గురించి అనలేదు. జెర్రిపోతుకి విషం లేదు. తల్లీ, నీ బాధ నాకు తెలియనిది కాదు, మా ఊళ్ళోనూ జరిగాయి.

పర్లాకిమిడి_పిల్ల
జానకిగారు చెప్పింది తేలిగ్గా తీసెయ్యకూడదు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. అంటే ఏడాదికి 58 వేలు. ఎక్కువమంది పల్లెల్లో వాళ్ళే, ఎక్కువ చావులు వానాకాలంలోనే. కానీ ఒక్క మాట. ఇంట్లోకి తాచు వచ్చేది ఎలుక కోసం. కట్లపాము ఇంకా విచిత్రం, దాని ముఖ్యమైన తిండి వేరే పాములు, ఆ తర్వాతే ఎలుకలూ బల్లులూ. అంటే గొలుసులో పాముకి పైన కూడా పామే. నేల మీద పడుకోకుండా మంచం, చుట్టూ బాగా దోపిన దోమతెర ఉంటే కట్లపాము కాట్లు చాలా తగ్గుతాయి. పాముల్ని చంపడం కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

నేను అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతున్నా, అందుకే కాపురం అన్నకి ఒక చేదు మాట. తుప్పలు తీయించడం తప్పు కాదన్నా. లావుపాటి గట్లు, వాటిమీద పొదలు, అవే ఎలుకకి ఇల్లు. గట్లు సన్నగా పెట్టుకోండి, కలుపు తీయండి అనే మాకు నేర్పిస్తారు. పాముల్ని చంపడం వేరే విషయం.

కాశీనగర్_కాపురం
అంటే తుప్ప ఉంటే ఎలుక, తీస్తే పాము పోయి ఎలుక. ఎటు తిరిగినా ఎలుకే గెలుస్తోంది.

సిరోంచ_సీను
మీకు శృంఖళ, మాకు ఇక్కడ మరాఠీ బడిలో అన్నసాఖళి, ఇంట్లో గొలుసు. మూడు భాషల్లో కట్టేసినా ఎలుక ఆగట్లేదు చూడు.

లెక్కల_మాస్టారు
అందరూ పాము పోయింది కాబట్టి ఎలుక పెరిగింది అని తేల్చేశారు. నేను ఒప్పుకోను. ఎలుక మూడు వారాలకి ఈనుతుంది, ఈతకి ఆరో ఎనిమిదో పిల్లలు, ఆ పిల్లలు మూడు నెలలు తిరక్కుండా మళ్ళీ తల్లులు. జెర్రిపోతు ఏడాదికి ఒకసారి పది పన్నెండు గుడ్లు పెడుతుంది, వాటిలో ఎన్ని బతుకుతాయో దేవుడికి తెలియాలి. పైగా పాము చల్లటి జంతువు, ఒక ఎలుకని మింగి రోజుల తరబడి ముడుచుకుని పడుకుంటుంది. ఎనిమిది జెర్రిపోతులు బతికే ఉన్నా మీ రెండెకరాల్లో ఎలుకల పెరుగుదలని పట్టుకోలేవు. ఎలుకల సంఖ్యని తేల్చేది తిండి. పోయిన ఏడాది కోత తర్వాత కళ్ళంలో ఎంత గింజ రాలింది, పక్క చేలో రెండో పంట వేశారా, అది అడగండి ముందు. తిండి ఉన్నన్నాళ్ళు ఎలుక ఉంటుంది. పాము వెనకాల వస్తుంది, ముందు కాదు.

గట్టుమీద_గుణుపూర్
మాస్టారూ, లెక్క బాగానే ఉంది కానీ మీరు ఎప్పుడైనా మడిలో రాత్రి కాపలా పడుకున్నారా?

లెక్కల_మాస్టారు
పడుకోలేదు. దోమలు కుడతాయి.

అర్ధరాత్రి_ఆటో
దోమకి మాస్టారి నుంచి బాణం. మొన నోటి వైపే, టీచరమ్మగారి రూలు.

జీవశాస్త్రం_టీచరమ్మ
వచ్చాను. 90 శాతం కథ.

ముందు ఒకటి సరిచేసుకుందాం, 90 శాతం మాయమవదు. మూడు దారుల్లో పోతుంది. మీ వరి చేనే తీసుకోండి. ఎలుక మొక్క మొత్తం తినదు, వేరు మట్టిలోనే ఉండిపోతుంది, గడ్డి మీరు ఇంటికి తోలుకుంటారు. అది మొదటి దారి, అసలు నోట్లోకే వెళ్ళనిది. రెండోది, తిన్నా అరగనిది. దీనికి మన ఊళ్ళలో పిల్లలందరికీ తెలిసిన సాక్ష్యం ఉంది. ఆవు గడ్డి తింటుంది, పేడ వేస్తుంది, పిడక కొడతాం, ఎండాక అది భగ్గున మండుతుంది. మండిందంటే ఆవు వాడుకోలేకపోయిన శక్తి అందులో ఉన్నట్టే కదా. మూడోది ఒంటి ఖర్చు, అరిగినదాంట్లో చాలా వరకు దీనికే. తిరగడం, ఊపిరి, ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవడం. కోడి గుడ్ల మీద పొదిగి ఉన్నప్పుడు దాని పొట్ట కింద చెయ్యి పెట్టి చూడమనండి పాపని. ఆ వేడి, అదే కోడి తిన్న నూకలు.

పిడకలోకి వెళ్ళినదైనా, మట్టిలో కుళ్ళిన వేరైనా చివరికి వేడిగానే పోతుంది. గెత్తం కుప్పలో చెయ్యి దూరిస్తే లోపల వెచ్చగా ఉంటుంది చూడండి, అది సూక్ష్మజీవులు తింటున్న వేడి. పేడలోని సారం మళ్ళీ పైరుకి ఎరువుగా తిరిగి వస్తుంది, ఆ వేడి మాత్రం మళ్ళీ రాదు. అందుకే ప్రతి ఉదయం సూర్యుడు కొత్తగా పంపాల్సిందే. వచ్చిన ఎండలో కూడా పైర్లు పట్టుకునేది మామూలుగా నూటికి ఒక వంతు, అంతే.

కాశీనగర్_కాపురం
పిడక మాట పాపకి చెప్పాను మేడమ్. వెంటనే వెళ్ళి మా ఆవు కళ్ళల్లోకి చూసి నువ్వు సరిగ్గా తినట్లేదు అంది.

రంభ_రాజు
టీచరమ్మగారి మొదటి రెండు దార్లూ మా చిలికాలో మాకు బతుకు. బొంత చేప ఏం తింటుందో చూశారా? బురద. బురదలో కుళ్ళిన ఆకూ, దాన్ని పట్టుకున్న నాచూ. పుస్తకంలో గడ్డి, మిడత, కప్ప అని పచ్చగా మొదలవుతుంది, మా సరస్సులో గొలుసు సగం బురద నుంచే మొదలు. రొయ్యా అంతే, పీతా అంతే.

సముద్రంలోకి దారి పూడుకుపోయినప్పుడు సరస్సు నీళ్ళు తియ్యబడిపోయి కలుపు కమ్మేసింది, చేపలు పడిపోయాయి. 2000 సెప్టెంబరులో కొత్త ముఖం తవ్వాక ఉప్పు నీళ్ళు మళ్ళీ లోపలికి వచ్చాయి, కలుపు తగ్గింది, చేపా రొయ్యా పీతా తిరిగి వచ్చాయి. మధ్యలో ఏ పెద్ద చేపనీ ఎవరూ తెచ్చి వదల్లేదు. కింద నీళ్ళు బాగుపడితే పైవన్నీ వాటంతట అవే వచ్చాయి. అందుకే నేను మాస్టారి వైపు.

లెక్కల_మాస్టారు
ఒక్కడు దొరికాడు.

గోపాల్‌పూర్_జాలరి
ఈ పది శాతం లెక్క మాకు రేవులో రోజూ కనబడుతుంది. కవళ్ళు అనే చిన్న చేపలు సముద్రంలో తేలే సన్నటి నాచు, పురుగులు తింటాయి, అందుకే అవి గంపలు గంపలు పడతాయి, చవక. కోనెం ఆ కవళ్ళనీ కానాగంతల్నీ తిని పెరుగుతుంది. కోనెం ఒక కిలో కండ పెట్టడానికి దాని లెక్కలో పది కిలోల చిన్న చేప పోవాలి, ఆ పది కిలోల వెనక వంద కిలోల నాచు. అందుకే కోనెం తక్కువ, రేటు ఎక్కువ. ఎక్కడైనా సముద్రంలో కోనాలు ఎక్కువ, కవళ్ళు తక్కువ ఉన్నాయంటే నమ్మకండి.

బరంపురం_బావ
జాలరి అన్నా, మంచిదే కానీ పులస సంగతేంటి? అది తేలే నాచు వడకట్టి తినే చేపే, కవళ్ళ మెట్టులోనే ఉంది. రేటు మాత్రం కోనెం తలదన్నేలా ఉంటుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత కూడా ఉంది, కోనెం మీద లేదు.

గోపాల్‌పూర్_జాలరి
హహ, దొరికిపోయాను. పులస రేటు ఏటికి ఎదురీదే రోజులది, మెట్టుది కాదు. ఒప్పుకుంటున్నా.

కానీ సంఖ్య మాట మాత్రం నిజం. ఇంకోటి చూడండి, రుషికుల్య మొగ దగ్గరికి తాబేళ్ళు గుంపుగా గుడ్లు పెట్టడానికి వస్తాయి కదా. ఒక్కోటి వందకి పైగా గుడ్లు పెట్టి పోతుంది. యాభై రోజులు అటూ ఇటూ అయ్యేసరికి పిల్లలు ఇసకలోంచి బయటికి. కుక్కలు, నక్కలు, కాకులు, పీతలు, నీళ్ళలోకి దిగాక చేపలు. వెయ్యికి ఒకటి పెద్దదవుతుంది అంటారు. మిగతా 999 కథలో ఎవరో ఒకరికి ముద్దే. తాబేలు తెలియక అన్ని గుడ్లు పెట్టడం లేదు.

జెయపూర్_జానకి
తాబేళ్ళ పిల్లల్ని కుక్కలు పట్టుకుపోతుంటే చూశాను ఒకసారి, పూరి వెళ్ళి వస్తూ అక్కడ ఆగినప్పుడు. మనసు ఉండబట్టలేదు. మళ్ళీ పాములంటే మాత్రం... సరే. పిల్ల చెప్పిన దోమతెర కొన్నాను. ఇంతకన్నా ఏం రాయను.

పర్లాకిమిడి_పిల్ల
జానకిగారూ, మంచి పని చేశారు.

10 శాతం గురించి అందరికీ ఒకటి చెప్పాలి, ఎందుకంటే పరీక్షలో రాసి తర్వాత మర్చిపోయే దాన్లో ఇదొకటి. ఈ లెక్క రేమండ్ లిండెమన్ అనే అమెరికా కుర్రాడి పేరు మీద నడుస్తుంది. మిన్నెసోటాలో ఒక చిన్న బురద చెరువుని ఏళ్ళ తరబడి కొలిచాడు, 1942లో ఆ పేపరు అచ్చయ్యేలోపే 26 ఏళ్ళకి చనిపోయాడు. తమాషా ఏంటంటే ఆయన చెరువులో వచ్చింది 10 కాదు. మొక్కలు ఎండలో పట్టుకున్నది 0.1 శాతం, మొక్కల్ని తినేవాటికి చేరింది 13 చిల్లర, వాటిని తినేవాటికి 22 చిల్లర. 10 అనేది తర్వాత గుర్తుండడానికి గుండ్రంగా చేసుకున్న అంకె. నిజానికి మామూలుగా 5 నుంచి 20 దాకా ఉంటుంది, ఒక్కోచోట ఇంకా అటూ ఇటూ కూడా.

ఎలుక లాంటి వెచ్చటి జంతువు అయితే ఇంకా దారుణం. ఒంటబట్టిన తిండిలో నూటికి రెండు మూడు వంతులే కండ అవుతుంది, మిగతాదంతా వేడి. పాము, చేప లాంటివి పది వంతుల దాకా కండగా మార్చుకుంటాయి. మాస్టారు అన్న పాము నిద్ర అదే. దానికి ఒళ్ళు వెచ్చబెట్టుకునే ఖర్చు లేదు, అందుకే కొద్ది తిండితో బతుకుతుంది, అందుకే ఎలుకల్ని తక్కువ తింటుంది. ఎలుకలు తగ్గాలంటే మీకు కావాల్సింది ఖర్చు ఎక్కువ ఉన్న జంతువు. గుడ్లగూబ.

కాశీనగర్_కాపురం
గుడ్లగూబ పేరెత్తితే మా ఇంట్లో ఒప్పుకోరమ్మా. మా ఆవిడ చావుపిట్ట అంటుంది. రాత్రి అరిస్తే లేచి దీపం పెడుతుంది.

అర్ధరాత్రి_ఆటో
నేనూ రాత్రి తిరుగుతాను, హారన్ కొడతాను, మా వీధిలో నన్నూ అదే అంటారు.

గట్టుమీద_గుణుపూర్
బాబూ కాపురం, ఒడియా వాళ్ళని అడుగు. పెచా అంటే గుడ్లగూబే, వాళ్ళకి అది లక్ష్మీదేవి వాహనం. మార్గశిరంలో మాణబసా గురుబారం చేసుకుంటారు కదా, కొత్త ధాన్యం కొలమానంలో పోసి ముగ్గులేసి. మనం కూడా అదే నెలలో లక్ష్మీవారం చేస్తాం. ఇంటి గుమ్మం దగ్గర అమ్మవారిని పిలిచి, పొలంలో ఆవిడ బండిని తరిమేస్తే ఎలా?

బరంపురం_బావ
ఈ పోస్టు ఫ్రేము కట్టించాలి.

సిరోంచ_సీను
బావా, నవ్వు ఆపి ఒకటి విను. ఎలుకల మందు పెట్టేటోళ్ళకి ఇది చెప్పాలి. మా గడ్చిరోలి దిక్కు రాబందులు ఎట్ల పోయినయో. పశువు నొప్పికి డైక్లోఫెనాక్ సూది వేసేవాళ్ళు, పశువు చనిపోతే ఊరి బయట పడేసేవాళ్ళు, రాబందు తినేది, దాని మూత్రపిండాలు పాడై చచ్చేది. ఎవరూ రాబందుని చంపాలని అనుకోలేదు. మందు గొలుసు ఎక్కి పైకి వెళ్ళింది. ఒక రకం రాబందు దేశంలో నూటికి 99 వంతులు పోయింది. పశువులకి ఆ మందు 2006లో ఆపారు. మా దగ్గర ఇప్పుడు అడవి శాఖవాళ్ళు చచ్చిన పశువుని రాబందుల కోసమని ఒకచోట వేస్తున్నారు, జనం దాన్ని రాబందుల హోటల్ అంటారు. రాబందులు లేని ఏళ్ళల్లో ఆ పశువులన్నీ ఎవరికి పోయినయ్? కుక్కలకి. కుక్కలు పెరిగినయ్. టీచరమ్మ చెప్పిన మొదటి దారి ఉంది కదా, నోట్లోకి వెళ్ళకుండా మిగిలి కుళ్ళేది, దానికీ ఒక కూలీ ఉండాలి. ఆ కూలీ మానేస్తే ఇంకెవడో వస్తాడు, వాడు కరుస్తాడు.

పర్లాకిమిడి_పిల్ల
సీనన్న చెప్పింది ఎలుకల మందుకి కూడా వర్తిస్తుంది. అంగట్లో రెండు రకాలు. జింక్ ఫాస్ఫైడ్ తిన్న ఎలుక కడుపులోనే విషవాయువు పుట్టి తొందరగా చస్తుంది, కండలో పెద్దగా పేరుకోదు. కానీ ఒకసారి తిని బతికిన ఎలుక మళ్ళీ ముట్టదు, అందుకే ముందు రెండు రోజులు మందు కలపని నూకలు పెట్టి అలవాటు చేస్తారు. బ్రోమాడియొలోన్ అలా కాదు, నెమ్మదిగా పనిచేస్తుంది, ఎలుక కాలేయంలో నిలవ ఉంటుంది, ఆ మత్తు ఎలుకని గుడ్లగూబ సులువుగా పట్టి తింటుంది. తర్వాత గుడ్లగూబ వంతు. ఏదైనా సరే ఊరంతా ఒకే వారంలో పెట్టాలి, ఒక్కరి మడిలో పెడితే పక్క మడివి వచ్చి చేరతాయి. అదీ పొట్ట దశకి ముందే పెట్టుకోవాల్సింది. మీకు ఆలస్యమైంది అన్నా, ఇప్పుడు తిండి చేలో నిండుగా ఉంటే నూకలు ఎవడిక్కావాలి.

కాశీనగర్_కాపురం
పక్క మడి మా చిన్నాన్న కొడుకుది. మాటల్లేవు. ఊరంతా ఒకే వారంలో అంటే ముందు మేమిద్దరం మాట్లాడుకోవాలి.

అర్ధరాత్రి_ఆటో
ఎలుకలు కలుపుతున్న కుటుంబం.

లెక్కల_మాస్టారు
గుడ్లగూబ లెక్క కూడా చూద్దాం. ఒక్కోటి రాత్రికి ఒకటో రెండో ఎలుకలు, పిల్లలు ఉంటే ఇంకా ఎక్కువ. జత ఉంటే ఏడాదికి వెయ్యి దాటొచ్చు. ఇది జెర్రిపోతు కన్నా మేలే, ఒప్పుకుంటాను. కానీ ఆ జతకి మీ రెండెకరాలు చాలవు, ఊరి చేలన్నీ కావాలి. పైన ఉన్నది తక్కువ ఉండాలి, లేకపోతే దానికే తిండి చాలదు. కాబట్టి గుడ్లగూబలు వందలు వచ్చేస్తాయని ఆశ పెట్టుకోకండి.

రంభ_రాజు
మాస్టారు మెల్లగా ఇటు జరుగుతున్నారు.

గట్టుమీద_గుణుపూర్
గుడ్లగూబకి తొర్ర కావాలి. 2018లో తిత్లీ తుఫాను మా వైపు ముసలి చెట్లు ఎన్నిటినో కూల్చింది, తొర్రలున్నవన్నీ అవే. తర్వాత వేసినవి ఇంకా పిల్ల చెట్లు. తొర్ర లేని ఊళ్ళో గుడ్లగూబ ఎక్కడ కాపురం పెడుతుంది? పాములు పోవడం కన్నా అదే పెద్ద దెబ్బ అని నాకు ఇప్పుడు అనిపిస్తోంది.

బరంపురం_బావ
కప్పల మాట ఎవరూ ఎత్తలేదేం? మా నాన్న చెప్పేవాడు, ఒకప్పుడు కప్పల్ని బస్తాల్లో పట్టి అమ్మేవాళ్ళట, కాళ్ళు విదేశాలకి వెళ్ళేవి. 1987లో ప్రభుత్వం ఎగుమతి ఆపేసింది. కప్పలు పోతే చేలో పురుగు పెరిగింది, పురుగు మందు కొన్నారు. కప్ప కాలు అమ్మిన డబ్బు పురుగు మందు కొట్టుకి.

జీవశాస్త్రం_టీచరమ్మ
మాస్టారికీ గుణుపూర్ పెద్దాయనకీ మధ్య వాదన కొత్తది కాదు. పై నుంచి అదుపా, కింద నుంచి అదుపా అని శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా కొట్టుకుంటున్నారు. 1960లలో రాబర్ట్ పెయిన్ అమెరికా తీరంలో ఒక రాతి మీద నక్షత్ర చేపల్ని తీసి సముద్రంలోకి విసిరేస్తూ వచ్చాడు. అవి తినే ఆల్చిప్ప జాతి ఒకటి ఆ రాయంతా ఆక్రమించుకుంది, 15 జాతులున్న చోట 8 మిగిలాయి. అది పెద్దాయన వైపు సాక్ష్యం. రాజుగారి చిలికా మాస్టారి వైపు. చేను అయితే, ఏటా మనమే దున్ని, నింపి, కోసి ఖాళీ చేసే చోటు, పాముకి గానీ గూబకి గానీ కుదురుగా ఉండే సమయమే ఇవ్వం. ఇంత తిండి ఒక్కసారిగా పరిచి, తినేవాణ్ణి తినేవాడు మాత్రం రాకపోతే, మాస్టారి మాటే గెలుస్తుంది. నాకు అలా అనిపిస్తుంది, ఎవరూ మార్కులు కోయకండి.

పర్లాకిమిడి_పిల్ల
కాపురం అన్నా, ఇప్పుడు చేయగలిగినవి చెప్తా. చేలో అక్కడక్కడ టీ ఆకారంలో కర్రలు పాతండి, గూబ రాత్రి వచ్చి కూర్చుంటుంది. గింజ గట్టిపడే వేళకి తీసేయండి, లేకపోతే పగలు పిచ్చుకలూ చిలకలూ దాని మీద సభ పెడతాయి. ఎలుకల బుట్టలు పెట్టించండి. కోతయ్యాక బొరియలు తవ్వించండి, పందికొక్కు కంకులు లోపల గాదెలా దాచుకుంటుంది.

కాశీనగర్_కాపురం
కర్రలు పన్నెండు పాతాను. వాటి ఖర్చు వెదురుకే. మా ఆవిడకి కాకులు వాలడానికి అని చెప్పాను.

అర్ధరాత్రి_ఆటో
అబద్ధానికి కూడా 10 శాతమే పైకి చేరుతుంది, మిగతాది ముఖం మీద వేడిగా పోతుంది.

కాశీనగర్_కాపురం
కోతలయ్యాయి, అందుకే ఇన్నాళ్ళు రాయలేదు. ఎకరానికి మూడు బస్తాల దాకా ఎలుకలకే పోయింది, పోయిన ఏడాదితో పోలిస్తే. కర్రల వల్ల తగ్గిందా అంటే చెప్పలేను, మాస్టారు నమ్మరు కూడా. కానీ రెండు జరిగాయి. చిన్నాన్న కొడుకూ నేనూ కలిసి బొరియలు తవ్వించాం, పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా. ఒక్క బొరియలోనే రెండు కుంచాల కంకులు. ఎవరి చేనివో తేల్చుకోలేక ఇద్దరం చెరి సగం చేసుకున్నాం. మాటలు కలిశాయి, ప్రస్తుతానికి.

రెండోది, ఒక కర్ర కింద నల్లటి ఉండలు కనబడ్డాయి, బొటనవేలంత. ఏదో రెట్ట అనుకున్నా. పాప దాన్ని నీళ్ళలో నానబెట్టి పుల్లతో విడదీసింది. లోపల బొచ్చు, ఎముకలు, మూడు ఎలుక పుర్రెలు, పళ్ళతో సహా. గూబ మింగి, అరగనిది ఉండ చేసి కక్కుతుందట. నోటుబుక్కులో కొత్త బొమ్మ గీసింది, వరి నుంచి ఎలుకకి, ఎలుక నుంచి గూబకి, మొనలన్నీ నోటి వైపే. ఉండ పక్కన విడిగా ఇంకో బాణం గీసి దాన్ని ఎటు తిప్పాలో తెలియక ప్రశ్న గుర్తు పెట్టింది. టీచరమ్మగారూ, అది ఎటు?

జీవశాస్త్రం_టీచరమ్మ
మట్టి వైపు. బొచ్చునీ ఎముకనీ తినే పురుగులూ సూక్ష్మజీవులూ ఉన్నాయి. ప్రశ్న గుర్తు అలాగే ఉంచమనండి, నేనైతే దానికే మార్కులు వేస్తాను.

గట్టుమీద_గుణుపూర్
ఇంట్లో ఆవిడకి తెలిసిందా గూబ సంగతి?

కాశీనగర్_కాపురం
తెలిసింది. మార్గశిర లక్ష్మీవారం నాడు పీట కడిగి, ముగ్గు పెట్టి, కొత్త ధాన్యం పోయడానికి పెరుగు జాడీ మూత తీసింది. మూతలో పాప ఆరబెట్టుకున్న పుర్రెలు.

అర్ధరాత్రి_ఆటో
మరి పూజ?

కాశీనగర్_కాపురం
జరిగింది. వేరే జాడీతో. పుర్రెలు ఇప్పుడు అగ్గిపెట్టెలో ఉన్నాయి, పెట్టె నా చొక్కా జేబులో ఉంది, నేను వరండాలో ఉన్నాను.